కట్ట మీద నడక - ఇంట్లో పడక

నారాయణరావుపేట: తెల్లవారుజామున అయిదు గంటలకు ఊళ్లో రెండు చప్పుళ్లు వినిపిస్తాయి. ఒకటి సిమెంటు రోడ్డు మీద బూట్ల చప్పుడు. రెండవది వాకిట్లో పొరక చప్పుడు. బూట్లు తొడుక్కున్నది ఇంటి యజమాని. పొరక పట్టుకున్నది ఇల్లాలు. ఆయన చేస్తున్నది వ్యాయామమని ఊరంతా ఒప్పుకుంటుంది. ఆమె చేస్తున్నది ఏమిటని అడిగితే, "ఇంటి పని, ఇంకేముంది" అంటారు. ఇంటి పనికి లెక్కేమిటని నవ్వేసేవారూ లేకపోలేదు. ఆ లెక్క ఒకసారి చూడవలసిన అవసరం ఇప్పుడు వచ్చింది.

షుగరు వచ్చిందనో, బి.పి. పెరిగిందనో డాక్టరు హెచ్చరించిన తరువాత నడక మొదలుపెట్టినవారు ఈనాడు ప్రతి పల్లెలోనూ కనిపిస్తున్నారు. సిద్దిపేటలో కోమటి చెరువు కట్ట మీద పొద్దున్నే నడిచేవారిని చూస్తే ముచ్చట వేస్తుంది. ఇది నిస్సందేహంగా హర్షించదగిన మార్పు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లకు పైమాటే. మరో 13 కోట్ల 60 లక్షల మంది ఆ రోగం గడప దాకా వచ్చి నిలబడి ఉన్నారు. పట్నపు రోగమనుకున్నది పల్లె గడప ఎక్కి చాలా కాలమైంది. కనుక నడిచేవారిని నడవనివ్వాలి. వారిని ఎగతాళి చేయడం ఎవరికీ తగదు.

చిక్కంతా నడక అయిపోయిన తరువాతనే వస్తున్నది. నలభై నిమిషాలు చేతులు ఊపుతూ నడిచి వచ్చిన మనిషి ఇంటికి రాగానే కుర్చీలో కూలబడతాడు. "ఏందే, ఇంక చాయ కాలేదా?" అని లోపలికి కేక వేస్తాడు. తాగిన గ్లాసు కుర్చీ కిందనే ఉంటుంది. విడిచిన బూట్లు గుమ్మానికి అడ్డంగా ఉంటాయి. నల్లా వచ్చి నీళ్లు పొంగిపోతున్నా లేచి బిందె జరపడు. పొద్దున నడిచినందుకు పొద్దంతా కూర్చునే హక్కు వచ్చిందన్నట్లుగా ఉంటుంది వ్యవహారం.

బావి పోయింది, బరువు వచ్చింది

నలభై, యాభై ఏళ్ల క్రితం ఈ ప్రాంతంలో ఆరోగ్యం కోసమని ప్రత్యేకంగా నడిచినవారు లేరు. నడవవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. మగవారు నాగలి దున్నారు, మోట కొట్టారు, వడ్ల బస్తాలు భుజాన మోశారు. ఆడవారు చేదబావిలో బొక్కెన వేసి నీళ్లు తోడారు, విసుర్రాయి ముందు కూర్చుని జొన్నలు, మక్కలు విసిరారు, రోలు దగ్గర నిలబడి వడ్లు దంచారు. ఆనాటి ఒళ్లు గట్టిదని ఈనాడు చెప్పుకొంటున్నాం కాని, ఆ గట్టితనానికి ఆడవారు పెట్టిన ఖర్చు ఎవరూ చెప్పరు. నెత్తి మీద బిందె, చంకలో బిందెతో మైళ్లు నడిచి వారి నడుములు ముందే వంగిపోయాయి. ఆ రోజులే మంచివని వాదించేవారిలో ఒక్క బిందె అయినా మోసినవారు తక్కువ.

ఆ కష్టం చాలావరకు తీరింది. లోయర్ మానేరు నుంచి సిద్దిపేట ప్రాంతానికి మంచినీటి పథకం వచ్చింది. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభమైంది. నల్లా ఇంటి ముందుకే నడిచి వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా అయింది. ఆ తరువాత నారాయణరావుపేట మండల కేంద్రమైంది. 2020 ఏప్రిల్‌లో చంద్లాపూర్ దగ్గర రంగనాయకసాగర్‌లోకి గోదావరి జలాలు చేరాయి. దున్నడానికి ట్రాక్టరు, కోయడానికి హార్వెస్టరు, నూరడానికి మిక్సీ ఉన్నాయి. పక్క వీధికి పోవాలన్నా మోటారు సైకిలే.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. దున్నడం, మోట కొట్టడం, కుప్ప నూర్చడం అనే పెద్ద పనులు యంత్రాలు తీసుకున్న తరువాత మగవాడికి నిజంగానే తీరిక చిక్కింది. ఆడవారి పనుల్లో తోడడం, విసరడం, దంచడం పోయాయి. కాని సానుపు చల్లడం, ఊడ్వడం, బోళ్లు తోమడం, బట్టలు ఉతకడం, మూడు పూటలా వండటం, పిల్లలను బడికి తయారు చేయడం, మంచంలో ఉన్న ముసలివారికి అన్నీ అందించడం అట్లాగే ఉన్నాయి. ఆ తీరికలోనే మగవాడికి బూట్లు కొనుక్కునే ఆలోచన వచ్చింది. ఇల్లాలికి ఆ ఆలోచన రావడానికి కూడా సమయం లేదు.

అలసట వేరు, ఆరోగ్యం వేరు

పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాల పాటు మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు చేసినా 150 నిమిషాలు అవుతుంది. ఆ శ్రమ నడకే కానక్కర లేదని, ఇంటి పని కూడా అందులో జమ అవుతుందని ఆ సంస్థే స్పష్టం చేసింది. చురుకుగా ఇల్లు ఊడ్చినా, వంగి బండలు తుడిచినా, పశువుల కొట్టం కడిగినా, నిండు బిందె మోసినా ఊపిరి వేగం పెరుగుతుంది, గుండె పని చేస్తుంది. చెరువు కట్ట మీద నడుస్తున్నాడా, కొట్టంలో పెండ తీస్తున్నాడా అన్నది గుండెకు పట్టదు.

పదివేల అడుగుల మాట కూడా ఇక్కడ చెప్పుకోవలసి ఉంది. రోజుకు పదివేల అడుగులు నడవకపోతే లాభం లేదని చాలామంది నమ్ముతున్నారు. ఆ అంకె డాక్టర్లు తేల్చినది కాదు. 1965 ప్రాంతంలో జపానులో అడుగులు లెక్కపెట్టే పరికరం ఒకటి అమ్మకానికి వచ్చింది. దానికి పెట్టిన పేరుకు 'పదివేల అడుగుల కొలత' అని అర్థం. అమ్మకం కోసం పెట్టిన పేరు తరువాత వైద్య సూత్రంగా చలామణి అయింది. సగటున 72 ఏళ్ల వయస్సు గల అమెరికా స్త్రీలపై జరిగి 2019లో వెలువడిన పరిశోధనలో, రోజుకు 4,400 అడుగులు వేసినవారికే మరణ ప్రమాదం గణనీయంగా తగ్గినట్లు తేలింది. 7,500 దాటిన తరువాత అదనపు లాభం అంతగా కనిపించలేదు. అయినా సెల్‌ఫోనులో అంకె నిండలేదని ఫోనును పిల్లవాడి జేబులో వేసి ఆటకు పంపేవారున్నారు. పిల్లవాడి పరుగుకు పెద్దాయన షుగరు దిగుతుందా?

ఇక ఇంటి పనంతా వ్యాయామమే కనుక ఆడవారికి నడక అక్కర లేదని వాదించేవారు ఉన్నారు. ఇది అంతకన్నా పెద్ద పొరపాటు. పొయ్యి ముందు నిలబడటం, కూర తరగడం, బోళ్లు తోమడం గంటల తరబడి చేసినా అవి తేలిక శ్రమ కిందికే వస్తాయి. కాళ్లు లాగుతాయి, నడుము పట్టేస్తుంది, గుండెకు మాత్రం కావలసినంత పని ఉండదు. 2022 నాటి పరిస్థితిపై అంతర్జాతీయ నిపుణులు 2024లో వెలువరించిన అంచనాలో, మన దేశంలో తగినంత శారీరక శ్రమ లేని పెద్దలు దాదాపు సగం మంది ఉన్నట్లు తేలింది. మగవారిలో అది 42 శాతం, ఆడవారిలో 57 శాతం. పొద్దస్తమానం పని చేసేవారే వెనుకబడి ఉండటం వింతగా తోచవచ్చు. అలసట వేరు, ఆరోగ్యం వేరు అని గ్రహిస్తే వింత ఏమీ లేదు.

బీడీలు చేసే ఇండ్లలో ఈ సంగతి కళ్లకు కట్టినట్లు కనిపిస్తుంది. సిద్దిపేట, దుబ్బాక ప్రాంతాల్లో ఎన్నో కుటుంబాలకు బీడీయే ఆధారం. ఒళ్లో చాట, చాటలో తంబాకు, చేతిలో కత్తెర, పక్కన తడిపిన తునికాకు. కూర్చున్న చోటు నుంచి లేవకుండా వందలకు వందలు బీడీలు చుట్టాలి. మెడ వంగి ఉంటుంది, మోకాళ్లు ముడుచుకొని ఉంటాయి, తంబాకు ఘాటు ముక్కుకెక్కుతూ ఉంటుంది. కట్టలు అప్పజెప్పి లేచేసరికి పొయ్యి పిలుస్తుంది. దానికి తోడు రక్తహీనత. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తం తక్కువ. అందరికీ పెట్టి చివరకు గిన్నె అడుగున మిగిలింది తినే అలవాటు ఆ ఇబ్బందిని ఇంకా పెంచుతుందే కాని తగ్గించదు. ఇటువంటి మనిషికి "ఇంటి పని చేస్తున్నవు గద, అదే ఎక్సర్‌సైజు" అని చెప్పడం ఎంతవరకు న్యాయం?

పద్దుకెక్కని పని

కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన సమయ వినియోగ సర్వేలో ఈ పనికి లెక్క కట్టారు. జీతం లేని ఇంటి పనికి ఆడవారు రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అంటే అయిదు గంటలకు పదకొండు నిమిషాలు తక్కువ. మగవారు వెచ్చించేది 88 నిమిషాలు. అయితే ఈ 88 నిమిషాలు ఏదో ఒక ఇంటి పని చేసే మగవారి లెక్క మాత్రమే. అట్లా చేసేవారు నూటికి 27 మంది. చేయనివారిని కూడా కలిపి సగటు తీస్తే అరగంట కూడా నిండదు. 2019 నాటి సర్వేలో ఈ అంకెలు 299, 97. అయిదేళ్లలో ఆడవారికి పది నిమిషాలు తగ్గితే మగవారికి తొమ్మిది నిమిషాలు తగ్గింది. ఆడవారికి వచ్చిన కాస్త వెసులుబాటు మగవారు చేయి వేసినందువల్ల రాలేదన్నమాట.

లెక్కలంటే ఈ ప్రాంతానికి కొత్త కాదు. మహిళా సంఘాల్లో పొదుపు రూపాయి పద్దు తప్పదు. ఇదే మండలంలోని ఇబ్రహీంపూర్ 2016 చివర పెద్ద నోట్లు రద్దయిన రోజుల్లో నగదు రహిత గ్రామంగా పేరు తెచ్చుకుంది. పైసా పైసాకు లెక్క ఉండాలని కోరుకునే జనం ఇంట్లో రోజూ అయిదు గంటల చాకిరికి పద్దు లేకపోయినా పట్టించుకోకపోవడం శోచనీయం.

చిన్న చిన్న అబద్ధాలు

ఇంట్లో అబద్ధాలు పెద్దవి ఉండవు. అన్నీ చిన్నవే. "రోజు నడుస్తున్నవా?" అని డాక్టరు అడిగితే "తప్పకుండ నడుస్తున్న సార్" అంటాడు, వారానికి రెండు రోజులు నడిచే మనిషి. చాయలో చక్కెర వద్దని ఇంట్లో చెప్పి, అడ్డా మీద హోటల్లో రెండు చెంచాలు ఎక్కువ వేయించుకుంటాడు. కూలికి పోయినవారు పది రూపాయలు లెక్క తప్పితే నిలదీసే పెద్దమనిషి తన కడుపులోకి పోయిన మిర్చి బజ్జీల లెక్క మరిచిపోతాడు.

ఇల్లాలి అబద్ధం మరో తీరు. మోకాలు పట్టుకొని లేస్తూనే "నాకేం రోగం, మంచిగనే ఉన్న" అంటుంది. నిజం చెబితే ఆసుపత్రి ఖర్చు, పైగా ఆ పూట వంట ఎవరు చేస్తారన్న ప్రశ్న. ఆయన అబద్ధం ఆయన సుఖం కోసం పుట్టింది. ఆమె అబద్ధం ఇల్లు నడవడం కోసం పుట్టింది. రెండింటి మూల్యమూ చివరకు ఒకే ఇంటి మీద పడుతుంది.

అన్నింటికన్నా మర్యాదగా కనిపించే అబద్ధం ఒకటుంది. "నేను మా ఇంట్ల పనికి సాయం చేస్త" అనే మాట. సాయమంటే ఇతరుల పనికి చేసేది. తను తిన్న కంచం, తను విడిచిన బట్ట, తను పండుకున్న మంచం ఇతరుల పని ఎట్లా అవుతాయి? ఇల్లు ఇద్దరిదీ అయినప్పుడు అక్కడ చేసేది సాయం కాదు, తన వంతు. మాట మారితే మనస్సు మారడానికి దారి దొరుకుతుంది.

గాంధీజీ ఒప్పుకున్న తప్పు

సబర్మతి ఆశ్రమవాసులకు గాంధీజీ పెట్టిన పదకొండు వ్రతాల్లో సత్యం ఉంది, అస్తేయం ఉంది, శరీరశ్రమ కూడా ఉంది. నిజం చెప్పడాన్ని, దొంగతనం చేయకపోవడాన్ని, ఒళ్లు వంచడాన్ని ఒకే వరుసలో చేర్చడం ఆలోచించదగిన విషయం. తన వంతు పని మరొకరి నెత్తిన వేసేవాడు వారి సమయాన్ని, సత్తువను అపహరిస్తున్నట్లే కదా.

ఈ మాట చెప్పిన గాంధీజీ తన ఇంట్లోనే ఒకనాడు తప్పు చేశారు. దక్షిణాఫ్రికాలో దర్బన్‌లో ఉన్న రోజుల్లో ఇంట్లో ఉండే ఆఫీసు గుమాస్తాల మూత్ర పాత్రలు శుభ్రం చేసే విషయంలో కస్తూర్బాతో గొడవ పడ్డారు. ఆమె ఆ పని చేయడమే కాక, సంతోషంగా చేయాలని పట్టుబట్టారు. మాటామాటా పెరిగి, కోపం పట్టలేక ఆమెను చెయ్యి పట్టి గేటు దాకా లాక్కొని పోయారు. ఆమె కంటనీరు పెట్టుకొని నిలదీసిన తరువాత సిగ్గుపడ్డారు. ఇది ఎవరో వెలికి తీసిన రహస్యం కాదు. 1925 నుంచి వారం వారం అచ్చయిన ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు. ఇంటి పని దగ్గర అంతటివాడూ తడబడ్డాడు. తడబడ్డానని నలుగురిలో ఒప్పుకోవడమే ఆయన గొప్పతనం. ఆ ఒప్పుకోలులో పదో వంతు ఈనాటి ఇండ్లలో ఉన్నా ఎంతో మేలు.

నవ్వేవారు నవ్వనీ

మగవాడు పొరక పడితే నవ్వేవారు ఊళ్లో తప్పక ఉంటారు. "ఏం బావా, కొత్త కొలువు దొరికిందా?" అని అరుగు మీది నుంచి కేక వేస్తారు. "నా కొడుకుతోని బోళ్లు తోమిపిస్తవా?" అని అత్తగారు కోడలి మీదికి లేస్తుంది. "నీకు రాదు, ఇటియ్యి" అని ఇల్లాలే పొరక గుంజుకోవడమూ కద్దు. వీటన్నిటికీ జవాబు ఒక్కటే. నడక మొదలైన కొత్తలో బూట్లను చూసి కూడా ఇట్లాగే నవ్వారు. ఇప్పుడు నవ్వినవారే వెంట నడుస్తున్నారు.

ఇక్కడ మరో న్యాయం కూడా చెప్పుకోవాలి. పొద్దంతా సిమెంటు బస్తాలు మోసే కూలీకి, పొలంలో గట్టు చెక్కే రైతుకు, నాట్లు వేసే ఆడకూలీలకు ఎవరూ వ్యాయామ పాఠాలు చెప్పనవసరం లేదు. వారికి కావలసింది కడుపునిండా తిండి, కంటినిండా నిద్ర. ఈ మాటలన్నీ కుర్చీకి, మోటారు సైకిలుకు అలవాటుపడినవారి కోసమే.

చేయవలసింది పెద్దగా ఏమీ లేదు. పొద్దున నల్లా నీళ్లు పట్టడం, బండలు తుడవడం, కొట్టం కడగడం, స్నానాల గది రుద్దడం వంటి ఒళ్లు వంగే పనులు నాలుగింటిని మగవాడు తన పేర రాసుకోవాలి. సాయం కింద కాదు, వంతు కింద. దాంతో ఇల్లాలికి దొరికే అరగంట మళ్లీ మరో పనికి పోకూడదు. ఆ అరగంట ఆమె నడకకే చెందాలి. ఒంటరిగా పోవడానికి బిడియపడితే సంఘం మీటింగుకు వచ్చే ఆడవారే నలుగురు కలిసి బయలుదేరవచ్చు. 2022 నుంచి పల్లెల్లో క్రీడా ప్రాంగణాలు ఏర్పాటు చేశారు, అంతకు ముందే పల్లె ప్రకృతి వనాలు వచ్చాయి. అక్కడ సాయంత్రం ఒక గంట ఆడవారు నిశ్చింతగా నడిచేందుకు దీపాలు, శుభ్రత చూడటం పంచాయతీలకు అసాధ్యమేమీ కాదు. షుగరు పరీక్షకు భర్త పోయినప్పుడు భార్యను కూడా వెంట తీసుకుపోవడానికి అదనంగా అయ్యే ఖర్చు స్వల్పం.

పిల్లల సంగతి మరింత ముఖ్యం. బడిలో నిజమే చెప్పాలని, ఎవరి పని వారు చేసుకోవాలని పాఠం చదివిన పిల్లవాడు ఇంటికి వచ్చి చూసేది మరొకటి. అక్క బోళ్లు తోముతుంటే తమ్ముడు టీవీ ముందు కూర్చోవడం చూసి వాడు నేర్చుకునేది ఏ పుస్తకమూ మాన్పించలేదు. అదే బాపు పొరక పట్టడం నాలుగు రోజులు చూస్తే, అయిదో రోజు చెప్పకుండానే వాడు చాట అందిస్తాడు.

రేపు తెల్లవారుజామున కూడా ఊళ్లో అవే రెండు చప్పుళ్లు వినిపిస్తాయి. అందులో తప్పేమీ లేదు. బూట్లు ఉండవలసినవే, పొరకా ఉండవలసిందే. వారానికి నాలుగు రోజులైనా ఆ బూట్లు ఇల్లాలి కాళ్లకు, ఆ పొరక యజమాని చేతికి మారితే చాలు. అప్పుడు డాక్టరు అడిగిన ప్రశ్నకు ఇద్దరూ తడుముకోకుండా నిజమే చెప్పగలుగుతారు.